వాళ్ళను హాస్య రచయితలు అనకండి

పోయిన ఏడాది అనంతపురంలో ఒక పుస్తకావిష్కరణ సభకు వెళ్ళాను. పుస్తకం రాసినాయన నాకు బాగా తెలిసినవాడే. కదిరి వైపు పల్లె, శనక్కాయ సేద్యం, 30 ఏళ్ళుగా రాస్తున్నాడు. ఆ పుస్తకం నిండా ఎండిపోయిన బోర్లకు రాసిన శ్రద్ధాంజలి ప్రకటనలే. పేపర్లో చనిపోయినవాళ్ళ ఫోటో కింద వేస్తారే, అచ్చం ఆ మాదిరే. ఫలానా చేనిలోని బోరు, లోతు 780 అడుగులు, ఫలానా ఎండాకాలంలో పుట్టింది, నీటి ముఖం చూడకుండానే కన్నుమూసింది, అప్పు ఇచ్చినవాళ్ళంతా శోకతప్త హృదయాలతో వడ్డీ లెక్క వేసుకుంటున్నారు. ఒక్కొక్కటి అరపేజీ. ప్రూఫులు దిద్దేటప్పుడే నేను చదివాను. మూడోదానికి వచ్చేసరికి గొంతు పూడుకుపోయింది.

సభకు అధ్యక్షత వహించిన పెద్దాయన మైకు అందుకుని, "ఈయన మన జిల్లాకు దొరికిన గొప్ప హాస్య రచయిత. కడుపుబ్బ నవ్విస్తాడు. అందరూ రెడీగా ఉండండి" అన్నాడు. జనం రెడీ అయ్యారు. మొదటి ప్రకటన చదవగానే ముందు వరుసల్లో నవ్వులు మొదలయ్యాయి. రెండోదానికి ఇంకా గట్టిగా నవ్వారు. మూడోది సగంలో ఉండగా వెనక కూర్చున్న ఒక రైతు తువ్వాలు భుజాన వేసుకుని లేచి బయటికి వెళ్ళిపోయాడు. చదువుతున్నాయన అది చూశాడు. పుస్తకం మూసి, వచ్చినవాళ్ళకు దండం పెట్టి కూర్చున్నాడు.

రాత్రి బస్టాండులో టీ తాగుతూ ఆయన నాతో అన్నాడు: "నేను నవ్వించేకి రాయలేదు సార్. నవ్వు నోటి దాకా వచ్చి ఆడ ఆగిపోవల్ల. అట్ల రాసినాను. ముందే నవ్వమని చెప్పేస్తే ఇంగ వాళ్ళెట్ల ఆగుతారు?"

ఆ రోజు నుంచి ఈ సంగతి నా బుర్రలో తిరుగుతూనే ఉంది. చదివితే నవ్వొచ్చే ప్రతి రాతనూ హాస్యం అంటున్నాం. అది రాసే ప్రతి మనిషినీ హాస్య రచయిత అంటున్నాం. కొత్త అల్లుడి అలక మీద కథ రాసేవాడూ హాస్య రచయితే, కరువు సాయం డబ్బులు ఎవరి జేబులోకి పోయాయో రాసేవాడూ హాస్య రచయితే. ఇద్దరూ మంచి రచయితలే కావచ్చు. అల్లుడి అలక రాయడం చిన్న పనేమీ కాదు, మనిషిని కాసేపు తేలికపరచడం పుణ్యం. కానీ ఆ ఇద్దరూ చేసే పని ఒకటి కాదు. పేరు ఒకటే అయ్యేసరికి రెండోవాడి మాట నవ్వుల్లో కొట్టుకుపోతోంది. నా గొడవంతా అదే.

నేను కడపలో తెలుగు పాఠం చెప్పి బతికేవాణ్ణి. యెర్రముక్కపల్లెలో బ్రౌన్ గ్రంథాలయం ఉంది. 1820లో కడపకు ఉద్యోగం మీద వచ్చిన బ్రౌన్ దొర ఇక్కడ బంగళా కొని, పండితులను పెట్టుకుని, తాళపత్రాలు పోగుచేసి శుద్ధప్రతులు రాయించాడు. ఆయన బంగళా ఉన్న చోటే ఈ గ్రంథాలయం కట్టారు. ఒక సెలవు రోజు అక్కడికి పోయి నిఘంటువులు ముందేసుకుని కూర్చున్నాను. నవ్వుకు సంబంధించిన మాటలన్నీ ఒక కాగితం మీద రాసుకోవాలని.

కాగితం తొందరగానే నిండింది. ఎగతాళి, ఎకసెక్కం, ఎద్దేవా, వేళాకోళం, వెటకారం, వెక్కిరింత, పరాచికం, గేలి, హేళన, దెప్పిపొడుపు, ఎత్తిపొడుపు, ఛలోక్తి, చమత్కారం. ఇవన్నీ ఒకటే అని అనిపిస్తుంది కానీ ఏ రెండూ ఒకటి కావు. పరాచికం ఆడాలంటే చనువుండాలి, బావామరదళ్ళు ఆడుకున్నట్టు. వెటకారం మాటలో కంటే గొంతులో ఎక్కువ ఉంటుంది, అదే మాటను మామూలుగా అంటే వెటకారం పోతుంది. ఎద్దేవా చేయడానికి పక్కన నలుగురు కావాలి. దెప్పడానికి పాత సంగతి ఒకటి కావాలి, చేసిన సాయమో చేసిన తప్పో. ఎత్తిపొడుపుకు ఎవరూ అక్కర్లేదు, తగలాల్సిన మనిషి ఒక్కడు ఎదురుగా ఉంటే చాలు. ఇంత సూక్ష్మంగా చూసిన భాష మనది. చూసి పొంగిపోయాను.

కానీ ఇవన్నీ పనుల పేర్లు. ఆ పని చేసే మనిషికి పేరేదని వెతికితే చేతికి తగిలినవి చాలా తక్కువ. విదూషకుడు, వికటకవి, పరిహాసకుడు, హాస్యగాడు. విదూషకుడు సంస్కృత నాటకంలో రాజుగారి స్నేహితుడు, ఎప్పుడూ తిండి గోల. వికటకవి రాజుగారి కొలువులో ఉండేవాడు. అంటే మన నిఘంటువుల్లో నవ్వించేవాడికి రాజుగారి నీడ తప్ప వేరే చోటు కనపడలేదు. ఎండిపోయిన బోరు పక్కన కూర్చుని రాసేవాడికి అందులో పేరు లేదు.

హాస్యగాడు అనే మాట దగ్గర కొంచెం ఆగాలి. 'గాడు' అనగానే మనకు చులకన వినిపిస్తుంది, సుబ్బిగాడు, రాముగాడు అన్నట్టు. కానీ తెలుగులో ఇంకొక 'కాడు' ఉంది. వేటకాడు, విలుకాడు. అదే కొన్ని మాటల్లో 'గాడు' అవుతుంది. పాటగాడు, మొనగాడు. ఆ పని చేతనైనవాడు అని అర్థం. అందులో చులకన లేదు, పనితనం ఉంది. హాస్యగాడు ఆ కుటుంబంలోని మాట. మనం ఆ సంగతి మరిచిపోయి చులకన 'గాడు' కింద జమ కట్టేశాం. కట్టేసి, మర్యాద కోసం 'హాస్య రచయిత', 'హాస్యబ్రహ్మ', 'హాస్య చక్రవర్తి' అని బిరుదులు తగిలించుకున్నాం.

నేను చూసిన మొదటి హాస్యగాడు తోలుబొమ్మ.

మా ఊరు ధర్మవరానికి దగ్గర. నిమ్మలకుంట కూడా అటువైపే. మేకతోలు మీద బొమ్మలు గీసి, రంగులద్ది, రాత్రంతా రామాయణం ఆడించే కుటుంబాలు ఇప్పటికీ అక్కడ ఉన్నాయి. ఆ ఊరి కళాకారుడు దళవాయి చలపతిరావుగారికి 2020లో పద్మశ్రీ వచ్చింది. నా చిన్నప్పుడు ఒక ఎండాకాలం మా ఊళ్ళో గుడి ముందర తెర కట్టారు. తెర వెనక దీపాలు. రాముడి బొమ్మ దాదాపు మనిషంత ఉంది. రాముడు మాట్లాడితే పద్యం, రావణుడు మాట్లాడితే ఇంకా పెద్ద పద్యం. మాలాంటి పిల్లలకు నిద్ర ముంచుకొచ్చేది. అప్పుడు వచ్చేవాళ్ళు జుట్టుపోలిగాడు, బంగారక్క, కేతిగాడు. చిన్న బొమ్మలు, వంకర ముక్కులు, ఎగిరెగిరి పడే కాళ్ళుచేతులు. వాళ్ళకు పద్యాలు లేవు. మా ఊరి మాటే మాట్లాడేవాళ్ళు.

వారధి కట్టే ఘట్టం నడుస్తోంది. కోతులు రాళ్ళు మోస్తున్నాయి. కేతిగాడు ఊగుతూ వచ్చి ఒక కోతిని అడిగాడు: "ఏమప్పా, సముద్రం మీద వారధి ఎన్నాళ్ళకు అయిపోతాది?" కోతి చెప్పింది, అయిదు దినాలు అని. కేతిగాడు కాసేపు తల గోక్కున్నాడు. "మా ఊరి వంక మీద మోరీకి మూడేండ్లాయ. ఆ మేస్త్రీని కొంచెం మాకు పంపిస్తావా?"

గుడి ముందర ఉన్న జనమంతా ఒక్కసారిగా గొల్లుమన్నారు. నేనూ నవ్వాను, ఎందుకో తెలియకుండానే. వంక దాటడానికి కట్టాల్సిన ఆ మోరీ కాంట్రాక్టు తీసుకున్నాయన ముందర వరుసలో మంచం వేసుకుని కూర్చుని ఉన్నాడు. ఆయన కూడా ముందు నవ్వాడు. తర్వాత జనం ఆయన వైపు తిరగడం మొదలుపెట్టారు. అప్పుడు ఆయన నవ్వు ఆపి కండువా సర్దుకోవడం నాకు ఇప్పటికీ కళ్ళ ముందే ఉంది. పొద్దున్నే మా తాత అరుగు మీద కూర్చుని పక్కింటాయనతో అన్నాడు: "కేతిగాడు అడిగేసినాడు కదా. ఇంగ మనమూ అడగొచ్చు."

మూడేళ్ళుగా ఎవరూ అడగని మాట అది. అందరికీ తెలుసు, అందరూ వంకలో మోకాటి లోతు నీళ్ళలో నడుస్తున్నారు, కానీ నోరు విప్పినవాడు లేడు. తోలుబొమ్మ విప్పింది. ఆ రాత్రి నవ్వు వచ్చిన మాట నిజమే. కానీ ఆ నవ్వు అసలు పని కాదు. చేరాల్సిన చోటికి మాటను మోసుకుపోయిన బండి అది. బండి చూసి, సరుకు చూడకుండా, 'బండివాడు' అని పేరు పెట్టడం ఎంత తప్పో, కేతిగాణ్ణి హాస్యం కింద వేయడం అంతే తప్పు.

బుర్రకథ కట్టినవాళ్ళకు ఈ తేడా తెలుసు. కథకుడికి ఇద్దరు వంతలు ఉంటారు. ఒకరిది హాస్యం, ఇంకొకరిది రాజకీయం. వేదిక మీదే విడదీసి నిలబెట్టారు. హాస్యం చెప్పే వంత కథకు ఊపిరి అందిస్తాడు, రాజకీయం చెప్పే వంత కథను ఇప్పటి కాలానికి తెచ్చి కడతాడు. మంచి దళంలో ఒక్కోసారి ఇద్దరి మాటా కలిసిపోతుంది. ఆ కలిసిన చోటే నేను చెప్పే రచయిత ఉంటాడు.

శాస్త్రం ఏమంటుందో కూడా చూశాను. భరతుడు హాస్యాన్ని రసాల్లో ఒకటిగా పెట్టాడు. తెల్ల రంగు ఇచ్చాడు, ప్రమథ గణాలను అధిదేవతలు చేశాడు. నవ్వును ఆరు రకాలు చేశాడు: స్మితం, హసితం, విహసితం, ఉపహసితం, అపహసితం, అతిహసితం. పళ్ళు కనపడకుండా నవ్వితే ఉత్తముడు, ఒళ్ళంతా ఊగిపోతూ నవ్వితే అధముడు. చాలా శ్రద్ధగా చేసిన పని, కాదనను. కానీ ఆ ఆరింటిలో కొలిచింది నవ్వేవాడి ముఖాన్ని. ఆ నవ్వు ఎవరి మీద పడుతోంది, ఎందుకు పడుతోంది అన్నది ఆ కొలతలో లేదు. మా ఊరి జనం ఆ రాత్రి నవ్విన నవ్వు అతిహసితమే అవుతుంది. అధములు అనడానికి నాకు మనసొప్పదు.

వ్యంగ్యం అనే మాట కథ ఇంకా ఆసక్తిగా ఉంటుంది. ఇప్పుడు మనం వ్యంగ్యం అంటే సెటైర్ అనుకుంటున్నాం. అలంకారశాస్త్రంలో వ్యంగ్యానికి నవ్వుతో సంబంధమే లేదు. మాటకు మూడు అర్థాలు: పైకి చెప్పినది వాచ్యం, దాన్ని పట్టుకుని పక్కకు జరిగినది లక్ష్యం, లోపల ధ్వనించేది వ్యంగ్యం. 9వ శతాబ్దంలో కాశ్మీరంలో ఆనందవర్ధనుడు ఈ ధ్వనే కావ్యానికి ఆత్మ అన్నాడు. దీనికి పాఠాల్లో చెప్పే పాత ఉదాహరణ ఒకటుంది. 'పొద్దు కుంకింది' అన్న మాట పశువులు కాసేవాడికి ఇంటికి తోలుకుపొమ్మని వినిపిస్తుంది, దొంగకు వేళయిందని వినిపిస్తుంది. మాట ఒకటే, వినేవాణ్ణి బట్టి లోపలి అర్థం మారుతుంది. ఈ పాఠం చెప్పిన ప్రతిసారీ నాకు కేతిగాడి మోరీ గుర్తొస్తుంది. వాచ్యంలో అది కోతులతో ముచ్చట. వ్యంగ్యంలో అది పంచాయతీ లెక్కల తనిఖీ. కాంట్రాక్టరుకు ఒకటి వినిపించింది, మా తాతకు ఇంకొకటి వినిపించింది. అందుకే వ్యంగ్యం అనే మాట పాత చోటు నుంచి కొత్త చోటికి రావడం నాకు తప్పు అనిపించదు. లోపల దాచి చెప్పడం రెంటిలోనూ ఉంది.

పండితులు వాడే మాట అధిక్షేపం. శతకాల్లో ఒక రకాన్ని అధిక్షేప శతకాలు అనే అంటారు. లోభులను, చెడ్డ దొరలను, ఊరి పెద్దలను ఏకిన కవులు అందులో ఉన్నారు. మంచి మాటే, కానీ దానిలో ఒక చిక్కు ఉంది. నిఘంటువు తీస్తే అధిక్షేపం పక్కన నింద, తిరస్కారం అని కనపడతాయి. 'అధిక్షేపించాడు' అంటే వినేవాడికి తిట్టాడనే తోస్తుంది. ఇప్పుడున్న కాలంలో, మాట అనగానే మనోభావాలు దెబ్బతిన్నాయని కేసు పెట్టే కాలంలో, రాసేవాడి పేరులోనే తిట్టు ఉంటే వాడి నెత్తిన ఇంకో రాయి పెట్టినట్టే.

పేరు మనిషిని ఎంత మింగేస్తుందో తెలియాలంటే తెనాలి రామకృష్ణుణ్ణి చూడండి. పాండురంగ మాహాత్మ్యం రాసిన మహాకవి. ఆ పుస్తకంలో నిగమశర్మ కథ చదివినవాడు ఆయన్ను మరిచిపోలేడు. కానీ పిల్లవాడిని అడిగితే వికటకవి అంటాడు, పిల్లి పాలు తాగని కథ చెప్తాడు. అటు చదివినా ఇటు చదివినా వికటకవే అని పలకమీద రాసి చూపిస్తాడు. అక్షరాలు బాగా కుదిరాయి, అందుకే ఆ పేరు అంతగా అతుక్కుపోయింది. ఆ కథల్లో ఎన్ని నిజంగా జరిగాయన్నది ఎవరూ అడగరు. కావ్యం పక్కకు పోయి, నవ్వు ముందుకొచ్చింది.

వేమనది దీనికి తిరగేసిన కథ. ఆయన సమాధి మా వైపు, కదిరి దగ్గర కటారుపల్లెలో ఉంది. పండితులు చాలాకాలం ఆయన్ను కవుల లెక్కలోనే వేయలేదు. బ్రౌన్ ఆ పద్యాలు వెతికి 1829లో అచ్చు వేశాడు. అనంతపురం జిల్లా రాళ్ళపల్లిలో పుట్టిన అనంతకృష్ణశర్మగారు ఆయన మీద ఉపన్యాసాలిచ్చారు, అవి పుస్తకంగా వచ్చాయి. ఇప్పుడు ఆయన యోగి వేమన, ప్రజాకవి వేమన. మా కడపలో ఆయన పేరుతో విశ్వవిద్యాలయం ఉంది, బ్రౌన్ గ్రంథాలయం కూడా దాని కిందే నడుస్తోంది. అంతా సంతోషమే. కానీ మేడిపండు పొట్ట విప్పి పురుగులు చూపించినవాణ్ణి యోగి అని పిలిచి దండం పెడితే, ఆ పురుగుల సంగతి ఏమైనట్టు? ఆ పద్యం విని ఎవరూ కడుపుబ్బ నవ్వరు. అయినా దొంగ పెద్దమనిషి ఎక్కడున్నా ఆ పద్యం వాడికి తగులుతుంది. నవ్వు లేకుండా కూడా ఈ పని జరుగుతుందని వేమన చూపించాడు. అందుకే దీన్ని హాస్యం కింద లెక్కవేయడం కుదరదు. ఒకరిని నవ్వుల్లో ముంచి మరిచిపోయాం, ఇంకొకరిని భక్తిలో ముంచి మరిచిపోయాం.

సరైన పేరు దొరికితే ఏమవుతుందో కూడా కడపలోనే చూడొచ్చు. 1968లో ఇక్కడి నుంచి సంవేదన పత్రిక తెచ్చిన రాచమల్లు రామచంద్రారెడ్డి, మనం రారా అని పిలుచుకునే ఆయన, రాసిన వాక్యాల్లో ఎత్తిపొడుపుకు తక్కువ లేదు. చదువుతుంటే చాలా చోట్ల నవ్వొస్తుంది. కానీ ఆయన్ను విమర్శకుడు అన్నాం. విమర్శకుడు అన్నాం కాబట్టి నవ్వడానికి సిద్ధపడి ఎవరూ చదవలేదు. వాదనగా తీసుకున్నారు, ఒప్పుకున్నారు, కోపం తెచ్చుకున్నారు. రచయితకు దక్కాల్సిన మర్యాద అది. మా కదిరి అన్నకు ఆ సాయంత్రం దక్కనిది అదే.

మా స్టాఫ్ రూములో ఉర్దూ చెప్పే సార్ ఒకాయన ఉన్నాడు. కడపలో పుట్టి పెరిగినవాడు. ఈ సంగతి ఆయనతో మాట్లాడితే, మీకు ఇంత ఇబ్బంది ఎందుకొచ్చింది అని ఆశ్చర్యపోయాడు. ఉర్దూలో తంజ్ వేరు, మిజాహ్ వేరు. తంజ్ గుచ్చేది, మిజాహ్ నవ్వించేది. రెండింటినీ జంటగా తంజ్-ఓ-మిజాహ్ అంటారు కానీ కలిపేయరు. తంజ్ రాసేవాడు తంజ్‌నిగార్, మిజాహ్ రాసేవాడు మిజాహ్‌నిగార్. రాజును పొగిడితే ఖసీదా, దానికి ఎదురు మనిషిని ఏకిపారేస్తే హజ్వ్. ఆయన వేళ్ళ మీద లెక్కపెట్టి చెప్తుంటే నాకు కొంచెం అసూయ కలిగింది. మన ఊళ్ళోనే, మన పక్కింట్లోనే ఇన్ని మాటలుండగా, తమాషా ఒక్కటి తెచ్చుకుని మిగతావి వాళ్ళకే వదిలేశాం.

మనకు అస్సలు లేవని కాదు. ప్రొద్దుటూరు అవధానాలకు పేరున్న ఊరు. దుర్భాక రాజశేఖర శతావధాని, సి.వి. సుబ్బన్న శతావధాని అక్కడివాళ్ళే. అష్టావధానంలో అడిగే ఎనిమిది మందిలో ఒకరిది అప్రస్తుత ప్రసంగం. అవధాని ఏకాగ్రత చెడగొట్టడానికి సంబంధం లేని మాట అడగడం ఆయన పని. సభ అంతా ఆయన కోసమే ఎదురుచూస్తుంది. సాహిత్య సభలో చిలిపితనానికి కుర్చీ వేసి, బాధ్యత ఇచ్చి, పేరు పెట్టి కూర్చోబెట్టిన జాతి మనది. పైకి తిట్టి లోపల పొగిడే తీరునూ, పైకి పొగిడి లోపల తిట్టే తీరునూ వ్యాజస్తుతి అని అలంకారంగా గుర్తించినవాళ్ళం. ఒకరిని అనుకరిస్తూ రాసిన దానికి పేరడీ అని తెచ్చుకున్నాం, బొమ్మ గీసి చెప్పేవాణ్ణి వ్యంగ్య చిత్రకారుడు అని గౌరవంగా పిలుచుకుంటున్నాం. బొమ్మ గీసేవాడికి దొరికిన గౌరవం వాక్యం రాసేవాడికి ఎందుకు దొరకకూడదు?

కొందరు మిత్రులు నాతో అన్నారు, మాటల కోసం ఇంత గొడవ ఎందుకు, రాసింది బాగుంటే జనమే గుర్తిస్తారు కదా అని. వాళ్ళకు నేను చెప్పేది మన సీమ కథే. 1800లో నిజాం ఈ జిల్లాలను కంపెనీ వాళ్ళకు అప్పగించాడు. అప్పటి నుంచి మనం 'సీడెడ్' జిల్లాలం, తెలుగులో దత్త మండలాలం. ఎవరో ఎవరికో ఇచ్చేసిన నేల అని దాని అర్థం. 128 ఏళ్ళు ఆ పేరు మోశాం. 1928లో నంద్యాల సభల్లో చిలుకూరి నారాయణరావుగారు రాయలసీమ అనే పేరు సూచించారు. ఆ పేరు వల్ల ఒక్క చినుకు ఎక్కువ పడలేదు. కానీ తమను తాము దత్తుకు పోయినవాళ్ళుగా చూసుకున్న జనం, ఒక రాజ్యం నడిచిన నేల వాళ్ళుగా చూసుకోవడం మొదలుపెట్టారు. ఇప్పటికీ సినిమా వ్యాపారంలో మనల్ని సీడెడ్ అనే అంటారు. ఆ మాట విన్నప్పుడల్లా నాకు లోపల మండుతుంది. పేరుకు బలం లేదు అనేవాళ్ళు ఆ పాత పేరుతో ఒక్క వారం బతికి చూడాలి.

ఇంకొక కారణం కూడా ఉంది, ఇది ఈ మధ్య ఎక్కువైంది. ఫోను తెరిస్తే చాలు, సెటైర్లు, పంచ్‌లు, ట్రోలింగ్. ఒక పేద ఆవిడ టీవీ మైకు ముందు మాట తడబడితే దాన్ని పదిసార్లు తిప్పి వేసి సెటైర్ అంటున్నారు. మన సీమ యాసలో ఒకడు మాట్లాడితే, ఆ యాసే జోకు అయిపోతోంది. సినిమాల్లో మనవాళ్ళు వేట కొడవలి పట్టుకునేవాళ్ళు, కాకపోతే యాసతో నవ్వించేవాళ్ళు. ఇదంతా కూడా సెటైరే అంటే, ఎండిన బోర్లకు శ్రద్ధాంజలి రాసినాయన రాతకు ఏ పేరు మిగిలింది? మోరీ కట్టని కాంట్రాక్టరును అడగడం వేరు. మోరీ లేక వంకలో జారిపడిన ముసలమ్మను చూసి నవ్వడం వేరు. రెంటిలోనూ నవ్వు ఉంది. దెబ్బ పడే చోటు వేరు. ఆ చోటును బట్టి పేరు పెట్టకపోతే, ముసలమ్మను చూసి నవ్వినవాడు కూడా కేతిగాడి పక్కన వచ్చి కూర్చుంటాడు. ఇప్పుడు కూర్చునే ఉన్నాడు.

ముసలమ్మ అంటే మా అవ్వ గుర్తొచ్చింది. ఆమెకు చదువు రాదు. పెళ్ళిళ్ళలో వియ్యపురాలిని ఆటపట్టిస్తూ ఆడవాళ్ళు పాటలు పాడతారు కదా, ఆ పాటలు అప్పటికప్పుడు కట్టేది. మా మేనత్త పెళ్ళిలో మగపెళ్ళివాళ్ళు కట్నం సరిపోలేదని రాత్రి భోజనాల దగ్గర పేచీ పెట్టారట. మగవాళ్ళు బతిమాలుతున్నారు. అవ్వ పాట అందుకుంది: వియ్యపురాలి గాజులను, చెవుల కమ్మలను, చివరికి పెళ్ళికొడుకు మీసాన్ని కూడా సంతలో కాటాకు ఎత్తి, ఒక్కోదానికి ధర కట్టి, బేరం కుదరక వెనక్కి తోలుకుపోయినట్టు. ఆడవాళ్ళంతా వంత పాడారు. వియ్యపురాలు ముఖం కందగడ్డ చేసుకుంది కానీ పేచీ ఆ పంక్తిలోనే ఆగిపోయింది. ఈ కథ మా ఇంట్లో వంద సార్లు చెప్పుకున్నాం, ప్రతిసారీ 'అవ్వ భలే తమాషా మనిషి' అని ముగించేవాళ్ళం. ఆమె చేసింది తమాషా కాదని నాకు చాలా ఆలస్యంగా తెలిసింది. ఆమె పాట ఒక్కటీ ఎవరూ రాసి పెట్టలేదు. నవ్వు నాలుగు విధాల చేటు అని ఆడపిల్లలకు చెప్పే సమాజంలో, ఆడవాళ్ళ ఈ పనికి పేరు పెట్టాలని కూడా ఎవరికీ తోచలేదు.

అందుకే ఆడా మగా ఇద్దరికీ సరిపోయే మాట కావాలనుకున్నాను. వ్యంగ్య రచయిత అనొచ్చు, కొందరు అంటున్నారు కూడా. కానీ అవ్వ రచయిత కాదు, కేతిగాణ్ణి ఆడించినాయన కూడా కాదు. నాకు నచ్చిన మాట వ్యంగ్యకర్త. గ్రంథకర్త, సంకలనకర్త అన్నట్టే. కర్త అంటే చేసినవాడే కాదు, బాధ్యత పడేవాడు కూడా. ఇంట్లో పెళ్ళికి కర్త ఎవరు అని అడుగుతాం, కష్టమొస్తే ఎవరు నిలబడతారని తెలుసుకోవడానికి. ఎవరిని కొడుతున్నాను, ఎందుకు కొడుతున్నాను అన్నదానికి జవాబు చెప్పగలిగినవాడు వ్యంగ్యకర్త. జవాబు చెప్పలేనివాడు ఎంత నవ్వించినా ఆ పేరుకు తగడు. హాయిగా నవ్వించేవాళ్ళు హాస్య రచయితలుగానే ఉండనివ్వండి, ఆ పేరు వాళ్ళది, వాళ్ళకే వదిలేద్దాం.

ఈ ఏడాది ఆగస్టు 29న తెలుగు భాషా దినోత్సవానికి మా బడికి కదిరి అన్నను పిలవాలనుకున్నాం. ఫోను చేశాను.

"మళ్ళీ బోర్లేనా సార్?" అన్నాడు. గొంతులో అనుమానం.

"బోర్లే అన్నా. ఈసారి పరిచయం నేను చేస్తా. నవ్వమని ఎవరికీ చెప్పను."

"సరే వస్తా. చదివేటప్పుడు ఎవరన్నా లేచిపోతే పోనీ, నేను ఈసారి ఆపను."

ఆహ్వాన పత్రిక మ్యాటర్ ఏడురోడ్ల దగ్గర మేం ఎప్పుడూ వేయించే ప్రెస్సులో ఇచ్చి వచ్చాను. సాయంత్రం అక్కడ టైపు చేసే అబ్బాయి ఫోను చేశాడు. "సార్, అతిథి పేరు కింద ఏదో తప్పు పడినట్టుంది. వ్యాఖ్యాత అని కదా ఉండాల్సింది?"

కాదు నాయనా, వ్యంగ్యకర్త అని చెప్పి, వకు య వత్తు, సున్న, గకు య వత్తు అని ఒక్కొక్క అక్షరం చెప్పాను. టైపు చేసుకున్నాడు. తర్వాత కొంచెం ఆగి, "అంటే ఏంది సార్?" అని అడిగాడు.

నేను కుర్చీ లాక్కుని కూర్చుని, వారధి కడుతున్న కోతుల దగ్గర నుంచి మొదలుపెట్టాను.